చెరువు కట్ట మీద తాడిని చుట్టుకున్న మర్రి

మా ఊరి చెరువు కట్ట మీద, తూముకు కాస్త ఇవతల, ఒక తాటిచెట్టును మర్రి చుట్టుకుని ఉంది. దూరం నుంచి చూస్తే మర్రి నెత్తిలోంచి తాటి కమ్మలు మొలిచినట్టు కనిపిస్తాయి. దగ్గరికెళ్తే మర్రి వేళ్ల సందుల్లోంచి తాటి మాను నల్లగా అక్కడక్కడ బయటపడుతుంది. శ్రావణంలో ఆడవాళ్లు ఆ వేళ్లకు పసుపు కుంకుమ పెట్టి దారాలు కడతారు. తెలుగునాట ఇలాంటి జంటలు చాలా ఊళ్లలో ఉన్నాయి. మీ ఊళ్లోనూ ఒకటి ఉండే ఉంటుంది.

నేను జిల్లా పరిషత్ బడిలో జీవశాస్త్రం చెప్తాను. పిల్లల్ని కట్ట మీదికి తీసుకెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగే మాట ఇదే: "సార్, మర్రి తాడిని సంపేస్తదా?" నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. మా నాయిన తాళ్లెక్కిన మనిషి. నా చదువు కల్లు మీద సాగింది. తాటిచెట్టు గురించి ఎవరడిగినా నాలో రెండు గొంతులు ఒకేసారి జవాబు చెప్పడానికి సిద్ధమవుతాయి, పాఠం చెప్పే గొంతు ఒకటి, ఆ ఇంట్లో పుట్టిన గొంతు ఒకటి.

మర్రి చంపదు. కనీసం పిల్లలు అనుకునేట్టు గొంతు బిగించి చంపదు. ఎందుకో తెలియాలంటే తాటి మాను లోపల ఏముందో చూడాలి.

కోసిన తాటి దుంగ దొరికితే దాని కోతముఖాన్ని వంగి చూడండి. వేపలోనో టేకులోనో కనిపించే వలయాలు ఇందులో ఒక్కటీ ఉండవు. బదులుగా వేల కొద్దీ నల్లటి చుక్కలు. అంచున చుక్కలు ఒకదానికొకటి ఆనుకుని గొడ్డలికి కూడా లొంగనంత గట్టిగా ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ పలుచబడతాయి. నడి మధ్యన మెత్తటి పీచు, గోరుతో గీరితే ఊడివస్తుంది. ఒక్కో చుక్కా ఒక నాళికాపుంజం, అంటే నీళ్లను పైకీ ఆహారాన్ని కిందికీ మోసే గొట్టాల కట్ట. దాని చుట్టూ ఉన్న నల్లటి నారే తాటికి బలం. కాంక్రీటు స్తంభంలో ఇనుప చువ్వల్ని అంచుకు దగ్గరగా కడతారు కదా, ఈ చెట్టు బలమంతా అట్లాగే అంచునే ఉంటుంది. పాత ఇళ్లకు తాటి వాసాలు ఆ అంచు నుంచి తీసినవే. బావి నుంచి నీళ్లు పారించిన తాటి దోనెలు లోపలి మెత్తదనం తోడేసి చేసినవి. ఒకే మాను నుంచి ఒకరు దూలం తీశారు, ఇంకొకరు కాలువ తీశారు.

వలయాలు లేకపోవడానికి కారణం, తాటిలో కేంబియం లేదు. వేప, చింత, మర్రిలాంటి ద్విదళబీజ వృక్షాల్లో, అంటే గింజలో రెండు దళాలుండే చెట్లలో, బెరడు కింద సన్నని సజీవ పొర ఒకటి ఉంటుంది, అదే కేంబియం. అది ఏటా లోపలి వైపు కొత్త కర్రను, బయటి వైపు కొత్త బెరడును చేర్చుతూ పోతుంది. అందుకే అవి లావెక్కుతాయి. తాడి, ఈత, కొబ్బరి ఏకదళబీజాలు, గింజలో ఒకే దళం ఉండేవి. వీటికి ఆ పొర లేదు. తాటి మాను ఎంత లావుండాలో చెట్టు చిన్నప్పుడే తేలిపోతుంది. మొదటి కొన్నేళ్లు నేల దగ్గరే ఉండి వెడల్పు కూడగట్టుకుంటుంది, ఆ తర్వాతే పైకి లేస్తుంది. ముప్పై మీటర్ల దాకా ఎదగగలదు గానీ, ఒకసారి లేచిన మానుకు పక్కకు పెరగడమనేది దాదాపు లేదు.

దీన్ని పిల్లలకు చూపించడానికి మా చెలక గట్టే చాలు. కంచె వేసేటప్పుడు ఒక ఇనుప తీగను వేపకూ తాడికీ చుట్టి కట్టారు. వేప దాన్ని మింగేసింది. తీగ ఒక వైపు కర్రలోకి దూరిపోయి రెండో వైపు బయటికొస్తుంది, మధ్యలో ఎక్కడుందో కనిపించదు. దూరిన చోట బెరడు పెదవుల్లా ఉబ్బి మూసుకుంది. తాడికి కట్టిన తీగ తుప్పు పట్టింది గానీ కట్టిన రోజు ఎట్లా ఉందో అట్లానే ఉంది, వేలు పెట్టి కదిపితే కదులుతుంది. తాటి మాను మీద కత్తి గాటు పడితే అది కూడా అట్లానే మిగులుతుంది. వేపకు గాటు పడితే అంచుల నుంచి కొత్త కర్ర పొంగి పూడ్చేస్తుంది. తాడికి పూడ్చే పొరే లేదు. పడిన దెబ్బను బతికినన్నాళ్లూ మోస్తుంది. ఆ మానులోని కణాలు కూడా అంతే. వేపలో లోపలి కర్ర చచ్చిపోయి బయట కొత్తది వస్తుంది. తాటి జాతి చెట్లలో మొదట పుట్టిన కణాలే చెట్టు ఉన్నంత కాలం పని చేస్తాయి. వందేళ్ల తాడి మాను అడుగున వందేళ్ల వయసున్న సజీవ కణాలుంటాయి. ఈ మాట చెప్పినప్పుడు తరగతి గదిలో ఎప్పుడూ ఒక నిశ్శబ్దం వస్తుంది. నాకూ ఆ సంగతి పాతబడదు.

ఇప్పుడు మర్రి సంగతికి వద్దాం. గోరింకో, కోకిలో, గబ్బిలమో మర్రిపండు తిని తాటి నెత్తిన వాలుతుంది. ఎండిన మట్టలు కొట్టేశాక వాటి మొదళ్లు మానుకు అంటుకుని మిగులుతాయి. ఆ సందుల్లో దుమ్ము, కుళ్లిన పీచు, వాన తడి చేరుతాయి. ఆవగింజ కంటే చిన్నదైన మర్రి గింజకు అంతకంటే మంచి మడి ఉండదు. అక్కడ మొలిచి, దారాల్లాంటి వేళ్లను మాను మీదుగా కిందికి దించుతుంది. వేళ్లు నేల తాకేదాకా మొక్క బక్కగానే ఉంటుంది. తాకాక నీళ్లు అందుతాయి, వేళ్లు లావెక్కుతాయి, ఒకదాన్నొకటి తగిలిన చోట అతుక్కుపోతాయి. మా కట్ట మీద వల లాగా కనిపించేది అదే.

ఇదే వల వేప మీదో చింత మీదో పడితే ఆ చెట్టు నిజంగానే ఉక్కిరిబిక్కిరవుతుంది. వేప ఆహార నాళాలు బెరడు కిందే ఉన్నాయి, పైగా ఏటా లావెక్కాలనే చూస్తుంది. బిగిసిన వేళ్లు ఆ నాళాల్ని నొక్కేస్తాయి, ఆకులు చేసిన చక్కెర కింది వేళ్లకు చేరదు. తాడి లావెక్కదు, కాబట్టి వలను ఒత్తుకోదు. దాని నాళాలు అంచు నుంచి నడుమ దాకా మానంతా పరుచుకున్నాయి, బయట ఎంత బిగించినా లోపలివి తెగవు. అందుకే తాడీ మర్రీ దశాబ్దాల తరబడి ఒకే చోట బతుకుతాయి.

అయినా చివరికి చాలాసార్లు తాడే పోతుంది. అది వెలుగు కోసం జరిగే పోరు. తాడికి ఒకే దారి ఉంది, పైకి. మర్రి నాలుగు వైపులా కమ్ముకుంటూ తాటి కమ్మల కంటే ఎత్తుకు చేరిన రోజున తాడి పక్కకు ఒక కొమ్మ చాచి ఎండను వెతుక్కోలేదు. మా కట్ట మీది తాడి తల ఇంకా మర్రికి పైనే ఉంది. పిల్లలకు నేను చెప్పే జవాబు ఇదే: తల పైన ఉన్నన్నాళ్లు బతుకుతది.

ఆ తలలోనే తాడి ప్రాణం. కమ్మల నడుమ మొవ్వు ఉంటుంది, చెట్టు మొత్తానికీ ఎదిగే చోటు అదొక్కటే. పిడుగు పడి మొవ్వు మాడితే, కొమ్ము పురుగు తొలిచి అది కుళ్లితే, ముప్పై మీటర్ల మాను కింద ఎంత గట్టిగా ఉన్నా ఇక లాభం లేదు. గత శతాబ్దం మొదట్లో గోదావరి ప్రాంతంలో తాళ్లకు మొవ్వుకుళ్లు తెగులు పట్టి చెట్లు వరసగా చచ్చాయి. ఈ.జె. బట్లర్ అనే శాస్త్రవేత్త దాన్ని పరిశీలించి, కారణమైన సూక్ష్మజీవిని 1907లో వర్ణించాడు. ఇవాళ దాని పేరు ఫైటోఫ్తోరా పామివోరా. కోకో, రబ్బరు, బొప్పాయి పంటల్ని ప్రపంచమంతా పీడిస్తున్న ఆ జీవిని మొదట పట్టుకున్నది మన తాటి మొవ్వులోనే. రోగం పెద్దదేమీ కాదు, అరచేతంత మెత్తటి భాగాన్ని తింటుంది, అంతే. తాడికి ఆ అరచేతంత భాగానికి మారు లేదు.

మర్రి దీనికి పూర్తిగా ఎదురు. కోల్‌కతా బొటానికల్ గార్డెన్‌లోని పెద్ద మర్రికి శిలీంధ్రం సోకితే 1925లో నడిమి మొదలును కోసి తీసేశారు. మొదలు లేకుండానే ఆ చెట్టు ఈ రోజుకీ విస్తరిస్తూ ఉంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది, దాని నీడ ఐదెకరాల పైమాట. ఆ నీడలో నిలబడి అసలు మొదలు ఏదని అడిగితే ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. మన దేశం నుంచి తీసుకెళ్లి 1873లో హవాయి దీవుల్లోని లహైనా ఊళ్లో నాటిన మర్రి 2023 ఆగస్టు కార్చిచ్చులో మాడింది. కొంత భాగం చచ్చిపోయింది, మిగతా కొమ్మలు కొన్ని వారాల్లోనే చిగురు వేశాయి. ఇంతకీ మంట విషయంలో తాడిని తక్కువ చేయకూడదు. బెరడు కింద కాలిపోయే సజీవ పొర లేదు గనుక, గట్టు మీది గడ్డి తగలబడి మాను నల్లబడినా మొవ్వు బాగుంటే పెద్ద తాడి తట్టుకుంటుంది. ఆ మంటలో పోయేది చిన్న మొక్కలు.

మర్రికి ఆ ఓర్పు ఇచ్చింది ఊడ. కొమ్మ నుంచి వేలాడే లేత ఊడను చేతిలోకి తీసుకుని చూడండి. పైన గోధుమ రంగు, మొన దగ్గర లేత పసుపు, వానాకాలం అయితే మొన తడిగా నున్నగా తగులుతుంది. గాలికి ఊగేంత పలుచన. మొన నేలలోకి దిగి పట్టు దొరికాక ఊడ బిగుసుకుంటుంది, కర్ర కడుతుంది, కొమ్మ బరువును మోసే స్థితికి వస్తుంది. అప్పుడు ఆ కొమ్మ ఇంకొంచెం దూరం పోగలదు, పోయిన చోట ఇంకో ఊడ దింపగలదు. కొమ్మకు కావలసిన నీళ్లు కూడా ఆ ఊడ నుంచే వస్తాయి. ఇట్లా ప్రతి కొమ్మా కొంతకాలానికి తన వేళ్లు తనకున్న చెట్టయిపోతుంది. అందుకే నడిమి మొదలు పోయినా మిగతాది నిలబడుతుంది.

ఈ లెక్క తెలియకనే మనం రోడ్ల పక్క మర్రుల్ని పాడు చేస్తున్నాం. బస్సులకు అడ్డమని, లారీలకు తగులుతున్నాయని రోడ్డు వైపు ఊడలన్నీ కోసేస్తాం. కొమ్మ మాత్రం ఊత వస్తుందన్న లెక్కన అడ్డంగా సాగుతూనే ఉంటుంది. ఊత లేని ఆ కొమ్మ ఒక గాలివానకు విరిగి పడుతుంది. అప్పుడు చెట్టు ప్రమాదకరమని మొత్తానికే గొడ్డలి వేస్తాం. చేవెళ్ల మీదుగా వికారాబాద్ వెళ్లే దారిలో నిజాం కాలం నాటి మర్రులు వందల కొద్దీ ఉన్నాయి. వాటి కోసం హైదరాబాద్ ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి పోరాడారు. ఆ దారిలో రోజూ ప్రయాణించే జనానికి వెడల్పు రోడ్డు కావాలన్నదీ న్యాయమే, ఆ ఇరుకులో పోయిన ప్రాణాలున్నాయి. నేను కోరేదొక్కటే: ఏ చెట్టునైనా ఉంచాలనుకుంటే దాని ఊడల్ని కూడా ఉంచేట్టు చోటు వదలాలి. ఊడలు లేని మర్రిని కాపాడాం అనుకోవడం దానికి మేలు చేసినట్టు కాదు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూసినవాళ్లకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. ఏడు వందల ఏళ్లదంటారు, మూడెకరాల్లో పరుచుకుంది. చెదలు తొలిచిన పెద్ద కొమ్మ ఒకటి 2017 డిసెంబరులో కూలింది. జనాన్ని లోపలికి రానివ్వడం ఆపి, అటవీశాఖవాళ్లు సెలైన్ సీసాలు వేలాడదీసి చెదల మందును చుక్క చుక్కగా కొమ్మల్లోకి ఎక్కించారు. ఆ ఫోటోలు దేశమంతా తిరిగాయి. నాకు వాటికంటే ముఖ్యమనిపించినవి, ఫోటోల్లో పెద్దగా పడనివి రెండు: బరువైన కొమ్మల కింద కట్టిన ఊతాలు, లేత ఊడల్ని గొట్టాల గుండా నేలకు దింపిన ఏర్పాటు. మందు చెదల్ని చంపుతుంది. చెట్టును నిలబెట్టేది నేల తాకిన ఊడే.

మర్రిపండు గురించి చెప్పకుండా దాటిపోలేను. మనం పండు అంటున్నది నిజానికి లోపలికి మడుచుకున్న పూలగుత్తి. వందల పూలు ఒక మూసిన గదిలో లోపలి వైపు తిరిగి పూస్తాయి. తేనెటీగకు, సీతాకోకకు అక్కడ ప్రవేశం లేదు. ఒక్క చిన్న కందిరీగకే ఉంది, మర్రికి దాని పేరు యూప్రిస్టినా మసోని. ఆడ కందిరీగ పండు కొనన ఉన్న పొలుసుల సందులోంచి ఒత్తుకుని లోపలికి దూరుతుంది. ఆ దూరడంలో రెక్కలు ఊడిపోతాయి, మీసాలు కూడా విరుగుతాయి. మళ్లీ బయటికి రాదు. తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. పిల్లల్లో మగవి ముందు బయటపడతాయి, వాటికి రెక్కలే ఉండవు. ఆ గదిలోనే పుట్టి, ఆడవాటితో జతకట్టి, వాటి కోసం గోడకు కన్నం తొలిచి, అక్కడే ముగిసిపోతాయి. ఆడవి మాత్రం పుప్పొడితో ఎగిరిపోతాయి. పండు ఆకారం అట్లా ఉండబట్టి ఒకే తల్లి పిల్లల్లో ఒకరికి రెక్కలున్నాయి, ఒకరికి లేవు. ఎర్రగా పండిన మర్రిపండును పగలగొట్టి చేతి భూతద్దం కింద పెడితే ఏడో తరగతి పిల్లవాడికి కూడా లోపలి పూలూ, అక్కడే ముగిసిన రెక్కల్లేని మగ కందిరీగలూ కళ్లబడతాయి. మామూలు భూతద్దం చాలు.

తాటి కమ్మల్లో సంసారం వేరు. సాయంత్రం కట్ట మీద నిలబడితే సన్నటి కొడవలి రెక్కల పిట్టలు కీచుమంటూ కమ్మల చుట్టూ తిరుగుతాయి. అవి తాటి స్విఫ్టులు. చాలామంది పిచ్చుకలో, వాన కోయిలలో అనుకుంటారు. వీటి కాళ్లు ఎంత పొట్టివంటే కొమ్మ మీద కూర్చోవడం వీటికి చేతకాదు. గోళ్లతో నిలువుగా పట్టుకుని వేలాడతాయి, అంతే. తినడం, తాగడం, గూటికి సామాను ఏరుకోవడం అంతా గాలిలోనే. మరి గుడ్లు ఎక్కడ పెట్టాలి? తాటి కమ్మ అడుగున మడత ఉంది కదా, ఆ మడతలో ఈకలు, దూది అతికించి చిన్న దొప్పలాంటి గూడు కడతాయి. అతికించడానికి వాటి ఉమ్మే జిగురు. వేలాడే ఎండు కమ్మను కూడా ఇష్టపడతాయి. వాటి రెక్కల ఆకారం గాలికి సరిపోయింది, కాళ్లు తాటి మడతకు సరిపోయాయి. తాళ్లు కొట్టేస్తే ఈ పిట్టలు పక్కనున్న మర్రి మీదికో వేప మీదికో కాపురం మార్చలేవు.

గిజిగాడు కూడా తాడినే వెతుక్కుంటాడు. కమ్మ కొసలు పల్చగా వేలాడతాయి, పాము సులువుగా అక్కడికి పోలేదు. ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. మగ గిజిగాడు ఆకు అంచున ముక్కుతో ఒక గాటు పెట్టి, కొస పట్టుకుని ఎగురుతాడు. ఆకు నుంచి పొడవాటి దారం చర్రున చీలి వస్తుంది. ఏకదళబీజాల ఆకుల్లో ఈనెలు పక్కపక్కనే వరసగా సాగుతాయి కాబట్టే ఆ చీలిక తిన్నగా పోతుంది. మర్రాకును చీల్చి చూడండి, వల లాంటి ఈనెలు అడ్డం తగిలి రెండంగుళాలకే వంకరపోయి తెగుతుంది. మర్రాకుతో గిజిగాడు గూడు అల్లలేడు. మనవాళ్లు శతాబ్దాల పాటు గ్రంథాలు రాసుకున్న తాళపత్రం కూడా ఆ తిన్నటి ఈనెల చలవే.

ఇక మనిషి. మా నాయిన నడుముకు మోకూ ముత్తాదూ, కాళ్లకు గుజి వేసుకుని ఎక్కేవాడు. మోకు మానును చుట్టి నడుమును పట్టి ఉంచుతుంది. గుజి రెండు పాదాల్ని కలిపి మానుకు అదుముతుంది. వెనక్కి వాలి మోకును పైకి విసరడం, ముందుకొచ్చి కాళ్లు పైకి లాగడం, మళ్లీ వాలడం. ఇదంతా సాగేది మాను అడుగు నుంచి తల దాకా ఇంచుమించు ఒకే లావు ఉండబట్టే, మధ్యలో ఒక్క కొమ్మా అడ్డం లేకపోబట్టే. కింద కట్టుకున్న మోకు కొలతే పైదాకా సరిపోతుంది. మామిడికీ చింతకూ ఈ పద్ధతి నడవదు. కేంబియం లేకపోవడమనే సంగతి మీద ఒక కులవృత్తి మొత్తం ఆధారపడి ఉందని నాకు పట్నంలో డిగ్రీ చదివేటప్పుడు తట్టింది. సెలవులకు ఇంటికొచ్చి నాయినకు చెప్తే ఆయన శ్రద్ధగా విని, "తాటిచెట్టు లావైతదని ఎవలన్నరు బిడ్డా? మా తాత కొలిచిన మోకే నాకూ అచ్చింది" అన్నాడు.

కొమ్మ లేని మాను వల్ల ఎక్కడం ఒడుపైంది, అదే మాను వల్ల జారితే పట్టుకోవడానికీ ఏమీ లేదు. మా వాడకట్టులో తాడి మీది నుంచి పడి నడుము పోయిన మనుషులున్నారు, తిరిగి లేవని వాళ్లూ ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్ష పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. జారినా తాడు పట్టి ఆపేటట్టు అందులో ఏర్పాటుంది. ముసలి గీత కార్మికులు కొందరు అలవాటు తప్పిందని పక్కన పెడుతున్నారు. ఇది చదివే గౌడన్నల పిల్లలెవరైనా ఉంటే, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ నాయినను అది వేసుకొమ్మని గట్టిగా అడగండి. పాత మోకు మీద గౌరవం ఎక్కడికీ పోదు.

ఇంత రాయడానికి ఒక పనికొచ్చే కారణం కూడా ఉంది. ఈ మధ్య చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద తాళ్లు నాటాలన్న ఉత్సాహం చాలా ఊళ్లలో కనిపిస్తోంది. సంతోషమే. అయితే చాలాచోట్ల వేప, కానుగ పెంచినట్టే నల్ల కవర్లలో తాటి మొక్కలు పెంచి నాటాలని చూస్తున్నారు. తాటి గింజ మొలిచే తీరు ఆ కవరుకు సరిపడదు. చలికాలంలో గేగులు తిన్న ప్రతివాళ్లూ ఆ తీరును చేత్తో పట్టుకుని చూసినవాళ్లే, ఆంధ్ర వైపు తేగలంటారు. టెంక మొలిచినప్పుడు మొలక పైకి రాదు. టెంకలోంచి ఒక కాడ బయటికొచ్చి నిట్టనిలువునా నేలలోకి దిగుతుంది, అసలు మొక్కను తన కొసన పెట్టుకుని లోతుకు తీసుకుపోతుంది. టెంకలో మిగిలిన భాగం స్పాంజిలా ఉబ్బి, గట్టి గింజలోని ఆహారాన్ని కరిగించి కిందికి పంపిస్తుంది. మనం టెంక పగలగొట్టి తినే తియ్యటి బుర్రగుంజు అదే. లోతుకు చేరిన ఆహారం గేగులో నిలవ ఉంటుంది. మొదటి ఆకు నేల మీదికి రావడానికి చాలా నెలలు పడుతుంది.

తొలి ఏడాదంతా కిందికే పోవాలని చూసే మొక్కకు జానెడు కవరు ఏం సరిపోతుంది? అడుగు తగిలి వంకర తిరుగుతుంది, లేదా కవరును చీల్చుకుని నర్సరీ నేలలోకి దిగుతుంది. దాన్ని పీకి తెచ్చేటప్పుడు తెగేది ఆ కాడ కొసే. తెగిన కొసకు మారు మొలక రాదు.

కాబట్టి పండ్లు రాలే భాద్రపదం ప్రాంతంలో, మట్టిలో తడి ఉండగానే, చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే జానెడు గుంత తీసి టెంకను పూడ్చండి. మనిషి మీద మనిషి పడ్డట్టు దగ్గర దగ్గర పెట్టకండి, పెద్ద కమ్మలకు చోటు కావాలి. ఆకు రాలేదని తవ్వి చూడకండి. రెండు మూడేళ్లు గట్టు మీది గడ్డికి నిప్పు పెట్టనివ్వకండి. నీళ్లు పోయాల్సిన పని పెద్దగా ఉండదు.

మా బడి వెనక పిల్లలు టెంకలు కుప్ప పోశారు. వాటిలో ఏది పోతుతాడో (మగది), ఏది పండుతాడో (ఆడది) పూత వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు, ఆ పూతకు పన్నెండేళ్ల నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. మర్రికి దూరంగా, కట్ట అవతలి కొసన పెట్టాలని ఏడో తరగతి వాళ్లే తీర్మానించారు.